వేళ్లకు తెలియని పట్టు

ప్రొద్దుటూరులో పెళ్లిళ్లకు పాడే నారాయణ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేది మౌలాలి. ముహూర్తాలు లేని రోజుల్లో జమ్మలమడుగు రోడ్డులోని బండల ఫ్యాక్టరీకి పోయి పాలిష్ మిషన్ పట్టేవాడు. గడగడలాడే ఆ మిషన్‌ను ఏళ్లకేళ్లు పట్టీ పట్టీ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మొద్దుబారిపోయాయి. గిల్లినా తెలియదు. తీగలు మీటే ప్లాస్టిక్ ముక్కను, అదే పిక్‌ను, పట్టుకోవాల్సింది సరిగ్గా ఆ రెండు వేళ్లతోనే. ఎంత దరిద్రం చూడండి!

సంగతి నారాయణకు తెలిస్తే గిటార్ పోతుంది, ఇక మిగిలేది మిషనే. అందుకని భార్య అఫ్సానాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పోనీ బాధగా ఉండేదా అంటే అదీ లేదు. ఆ మొద్దుతనం మెల్లగా మనసుకూ పాకినట్టుంది.

పులివెందులలో ఒక రిసెప్షన్ ఒప్పుకున్నారు. పెళ్లికొడుకు అడిగిన పాటలో మధ్యన మహా వేగమైన గిటార్ బిట్టు ఒకటి ఉంది. మౌలాలి ఇంట్లో కూర్చుని దాన్ని రకరకాలుగా కొట్టి చూశాడు. అన్నీ కిందికే కొడితే ఏ స్వరానికా స్వరం గట్టిగా నిలబడుతుంది గానీ చెయ్యి పాటకంటే వెనకబడుతుంది. కిందికీ పైకీ మార్చి మార్చి కొడితే వేగం వస్తుంది, కానీ పైకి వచ్చేటప్పుడు పిక్ తిరిగిపోతుంది. తీగ మారేచోట చెయ్యి వెనక్కి తీయకుండా అదే దిక్కులో పక్క తీగ మీదికి జారిస్తే ఇంకా వేగం. అయితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి తాళం తప్పుతాయి. మోచెయ్యి ఊపకూడదు, మణికట్టే ఆడాలి, అంతవరకు తేలింది.

ఎట్లా కొట్టినా పిక్ మాత్రం జారేది. జారేకొద్దీ ఇంకా బిగించేవాడు. పాలిష్ మిషన్ పట్టేవాళ్లందరికీ ఉండే అలవాటే అది, మిషన్ ఎగిరిపడుతుంటే బిగించి పట్టాలి కదా. గిటార్ దగ్గర అది తిరగబడింది. బిగిస్తే మణికట్టు కొయ్యబారిపోతుంది.

"అంత బిగిస్తే యాడ ఆడుతుంది చెయ్యి?" అంది అఫ్సానా.

"యాడ బిగించినా? వదులుగానే పట్టుకున్యా కదా!"

"వదులా? గోరు చూడు, సున్నం కొట్టినట్టుంది. కొంచెం ఎర్రగుండాల. అట్ల పట్టుకో."

అట్లాగే గోరు రంగు చూసుకుంటూ, కిందికీ పైకీ కొట్టాడు. బిట్టు పలికింది! అఫ్సానా చప్పట్లు కొట్టింది. సంతోషం రావాల్సిన చోట అతనికేమీ రాలేదు. "బాగానే ఉంది" అని ఊరుకున్నాడు.

తీరా పులివెందులలో పాట మొదలయ్యేసరికి స్టేజీ మీద రంగుల లైట్లు తిరగడం మొదలుపెట్టాయి. గోరు ఒకసారి నీలం, ఒకసారి పచ్చ. ఇంకేం చూసుకుంటాడు పాపం! బిట్టు రానే వచ్చింది. కళ్లు మూసుకుని కొట్టేశాడు. జనం ఈలలేశారు, నారాయణ వెనక్కి తిరిగి తలాడించాడు. పాట అయ్యాక చూస్తే గిటార్ మీద నెత్తురు చారలు. పిక్ ఎప్పుడో కాళ్ల దగ్గర పడిపోయి ఉంది. బిట్టంతా ఉత్త చూపుడువేలితోనే కొట్టాడు, వేలి చివర చీలిపోయింది.

నారాయణ పరుగున వచ్చాడు. "అయ్యయ్యో, ఏందప్పా ఇది! పిక్ పడినా ఆపకుండా కొడితివే! మొగోడివప్పా!" అంటూ జేబురుమాలు తీసి వేలికి చుట్టాడు. "శానా నొప్పిగా ఉందా?"

ఉందన్నా, అని ఒక్క మాటంటే సరిపోయేది. గాయం మానాక మళ్లీ వచ్చేవాడు. కానీ నొప్పంటే తర్వాతి పాటకు వద్దంటాడేమోనని భయపడ్డాడు.

"నొప్పేం లేదన్నా," అన్నాడు నవ్వుతూ. "అసలు తెలీనే లేదు."

నారాయణ చెయ్యి ఆగింది. చీలిన వేలిని చూశాడు, మౌలాలి మొహం చూశాడు. ఆ తర్వాత రుమాలును కావాలనే గట్టిగా లాగి ముడేశాడు. మౌలాలి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఎప్పటినుంచప్పా ఇట్ల?" అన్నాడు నారాయణ మెల్లగా.

మౌలాలి నవ్వు ఆగిపోయింది.

"మిగతాయి కీబోర్డుతో లాగిస్తాంలే. నువ్వు పోయి అన్నం తిను పో," అంటూ నారాయణే వంగి గిటార్ వైరు పీకాడు.

"సరేన్నా" అన్నాడు మౌలాలి.

భోజనాల దగ్గర కూర్చుంటే స్టేజీ మీది పాట వినబడుతోంది. గిటార్ లేదు. పాటకు ఏ లోటూ లేదు. వడ్డించేవాడు అన్నం ఇంకొంచెం వెయ్యమంటావా అని అడిగితే వెయ్యమన్నాడు.