పక్కింటి పెద్దాయన పొడుగు రివాల్వర్

పోయిన నెల కుడి మణికట్టు నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. జర్మనీలో నొప్పి రావడం తేలికే, దానికి టెర్మిన్, అంటే డాక్టరు అపాయింట్‌మెంట్, దొరకడమే కష్టం. నాకు దొరికేసరికి నొప్పి సగం తగ్గిపోయి, మిగిలిన సగం నాతో స్నేహం చేసుకుంది. డాక్టరు కంప్యూటర్ తెర మీంచి కళ్ళు తిప్పకుండానే బొటనవేలి మొదట్లో నొక్కి, టెన్నిస్ ఆడతారా అని అడిగాడు. లేదన్నాను. పియానోనా అన్నాడు. అదీ కాదు, రివాల్వర్ అన్నాను. అప్పుడు మొదటిసారి తల తిప్పి నన్ను చూశాడు. యాభై ఏళ్ళు దాటిన, బొట్టు పెట్టుకున్న, నడుముకు స్వెట్టర్ చుట్టుకున్న ఆడమనిషి నోట ఆ మాట ఆయన ఊహించినట్టు లేడు. ఎవరు నేర్పారు అని అడిగాడు. పక్కింటాయన అన్నాను. ఆయన బాగున్నారా అని మర్యాదకు అడిగితే, మణికట్టు ముందుకు చాపి నొప్పి ఇక్కడే అన్నాను.

మేముండేది వాల్డార్ఫ్ పక్కన, తెల్ల ఆస్పరాగస్ పండించే పొలాల మధ్య ఒక చిన్న ఊరు. నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చి, పాస్‌పోర్టు మార్చుకునేంత కాలం ఉండిపోయి, చివరికి ఒక వరస ఇల్లు కొనుక్కున్నాం. ఎడమవైపు గోడ ఉమ్మడి గోడ. దాని అవతల పెద్దాయన. అచ్చు యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య మేము రాకముందే పోయింది, కూతురిది డ్రెస్డెన్‌లో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఉద్యోగం. మేము దిగిన వారంలోనే ఆయన మా తలుపు కొట్టాడు, ఆదివారం గాజుసీసాలు డబ్బాలో వెయ్యకూడదని చెప్పడానికి. రెండోసారి, మధ్యాహ్నం గడ్డి కోసే మిషన్ నడపకూడదని చెప్పడానికి. మూడోసారి రాగానే మా ఆయన లోపల్నుంచే, “ఇయ్యాల ఏం తప్పు చేసినమో అడుగు” అన్నాడు. ఆ రోజు మాత్రం పెద్దాయన చేతిలో గిన్నెడు చెర్రీపళ్ళు ఉన్నాయి.

ఒక శనివారం నేను పెరట్లో గ్రైండరు రాయిని ఒంటిచేత్తో పట్టుకుని పైపుతో కడుగుతున్నాను. కంచె మొక్కల మీంచి ఆయన అదేమిటని అడిగాడు. ఇడ్లీ పిండికి అన్నాను. ఇడ్లీ సంగతి ఆయనకు పట్టలేదు. నా మణికట్టు చూస్తూ, వచ్చే శనివారం క్లబ్బుకు రా, ఒకటి చూపిస్తాను అన్నాడు. క్లబ్బు అంటే కాఫీ, కేకు అనుకుని మంచి చీర కట్టుకుని వెళ్ళాను. అడవి అంచున ఇటుకల షెడ్డు, లోపల కాంక్రీటు గోడలు, దూరంగా కాగితపు గురులు. ఆయన తాళం తీసిన పెట్టెలో ఉన్నది ఫార్టీ ఫోర్ మాగ్నం రివాల్వర్. బ్యారెల్ నా మోచేతి నుంచి మణికట్టు దాకా ఉంది. చేతిలో పెడితే కిలోన్నర బరువు, ఆ బరువంతా ముందుకే వాలి చేతిని కిందికి లాగుతుంది.

మొదటిసారి పేల్చినప్పుడు చప్పుడు చెవులకు వినపడలేదు, చప్పుడు ఆపే డొప్పలు పెట్టుకున్నాను కదా. అది పక్కటెముకల్లో వినపడింది. సిలిండర్ పక్కనుంచి ఒక నిప్పు నాలుక బయటికి వచ్చిపోయింది, చేతులు రెండూ నా ప్రమేయం లేకుండా నుదుటి దాకా లేచాయి, కాలిన గంధకం వాసన చీర కుచ్చిళ్ళలోకి దూరింది. కాగితం మీద మాత్రం ఏమీ లేదు. పెద్దాయన నవ్వలేదు. ఇంత పొడుగు బ్యారెల్‌తో తొందర పనికిరాదని, పేలాక కూడా ఒక క్షణం అలాగే నిలబడాలని, తూటా బయటికి వెళ్ళేదాకా అది ఇంకా నీ బాధ్యతేనని చెప్పాడు. క్లబ్బులో అందరూ ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు. ఆయన నన్ను నువ్వన్నాడు. డెబ్బై దాటిన మనిషిని నువ్వనడానికి నాకు మాత్రం ఎన్నేళ్ళయినా నోరు రాలేదు. నా జర్మన్ చాలక మర్యాద చేస్తున్నానని క్లబ్బులో వాళ్ళు అనుకునేవారు.

ఏడాది తిరిగాక పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, అలాంటిదే ఒకటి నేనూ కొనుక్కున్నాను. దాన్ని పెట్టడానికి చట్టప్రకారం ఇనప బీరువా కావాలి. అది మా సెల్లార్‌లో సోనామసూరి బస్తాల పక్కన చేరింది. మన ఇంట్లో దొంగలు పడితే బియ్యమే ఎత్తుకుపోతారని మా ఆయన ఫోన్లో అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. పెద్దాయన బీరువా మాత్రం పై అంతస్తులో, ఉమ్మడి గోడకు ఆనించి ఉండేది. గోడకు ఇవతల మా అమ్మాయి మంచం. చాలాకాలం నాకు ఆ సంగతి పట్టనే లేదు.

క్లబ్బులో శనివారాలు కాల్పుల పర్యవేక్షణ బాధ్యత పెద్దాయనదే. ఆయన ఆజ్ఞ ఇస్తే తప్ప ఎవరూ తూటా ముట్టకూడదు. పోటీల్లో ఒక వరసకు ఐదే తూటాలు. రివాల్వర్ సిలిండర్‌లో తూటాలకు ఆరు గదులున్నా ఆయన ఎప్పుడూ ఐదే నింపేవాడు, సరదాకైనా ఆరోది పెట్టేవాడు కాదు. చేతిలో ఆయుధంతో అటూ ఇటూ తిరిగినందుకు ఒక డాక్టరును అందరి ముందూ ఇంటికి పంపించేశాడు. అలాంటి మనిషి ఒక శనివారం నాతో ఏదో చెప్పబోతూ, లోపల తూటా ఉందో లేదో తెలియని మూసిన సిలిండర్‌తో, రివాల్వర్ చేతిలో ఉండగానే నావైపు తిరిగాడు. పొడుగు బ్యారెల్ నెమ్మదిగా నా పొట్ట మీదుగా వెళ్ళింది. నేను మెల్లగా, కిందపెట్టండి అన్నాను. ఆయన చేతిలోది చూసుకున్నాడు, ముఖం పాలిపోయింది. కిందపెట్టి, కోటు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తనను తానే ఇంటికి పంపించుకున్నాడు. మరుసటి శనివారం మామూలుగా వచ్చాడు. ఆ సంగతి ఎత్తితే, నాకు జరిగినట్టు అనిపించలేదే, నీకు కల వచ్చిందేమో అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో అబద్ధం లేదు. నాకు భయం వేసింది అందుకే.

తరవాత తోటలో ఎవరో తిరుగుతున్నారని మొదలుపెట్టాడు. పనిముట్లు తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి పెడుతున్నారట, కానీ తెచ్చి పెట్టేటప్పుడు వేరే మేకుకు తగిలిస్తున్నారట. క్లబ్బు అధ్యక్షుడికి చెబితే, పెద్దాయన తను జీవితంలో చూసిన అందరికంటే జాగ్రత్తగల మనిషి అని నాకే సర్దిచెప్పాడు. కూతురికి ఫోన్ చేస్తే, నాన్న ఒంటరిగా ఉంటున్నాడు కదా, క్రిస్మస్‌కు వచ్చి చూస్తానంది. క్లబ్బులో పర్యవేక్షణ మాత్రం నెమ్మదిగా ఇంకొకరికి మార్చారు. ఒకరోజు సాయంత్రం మా అమ్మాయి మెట్లు దిగుతూ, సగం జర్మన్‌లో, “ఓపా మళ్ళీ ష్రాంక్ తెరుస్తున్నాడు” అంది. ఓపా అంటే తాత, ష్రాంక్ అంటే బీరువా. మళ్ళీ అంటే అని అడిగాను. రోజూ తెరుస్తాడు, మూస్తాడు, నేను హోంవర్క్ చేసుకుంటుంటే వినపడుతుంది అంది, మా వంటింటి కుక్కర్ కూతల గురించి చెప్పినంత మామూలుగా. ఆ పూటే మంచం అవతలి గోడకు జరిపించాను. ఎందుకని అడిగితే వెలుతురు బాగా వస్తుందన్నాను. నేను మాత్రం ఆ ఖాళీ అయిన గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అవతల ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు, తరవాత అడుగులు, తరవాత ఏమీ లేదు.

నవంబరులో ఇక్కడ ఐదింటికే చీకటి. చెత్తబండి వచ్చే ముందురోజు పెద్దాయన డబ్బాలు రోడ్డు మీదికి లాగిపెట్టడం మా ఆయన పని, ముసలాయన మోకాళ్ళు మొండికేసినప్పటి నుంచీ. ఆ రోజూ అలాగే వెళ్ళాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చి, బూట్లు విప్పకుండా వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. బూట్లతో వంటింట్లోకి రావడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. ఏమైందని అడిగాను.

“అద్దాల తలుపు అవతల నిలబడ్డడు. కర్టెన్ల నుంచి ముందుగాల గొట్టమే కనబడ్డది. నన్నే చూస్తున్నడు. కానీ ఆయన చూసింది నన్ను కాదు.”

ఏం చేశావని అడిగితే, చెత్తడబ్బా వదిలేసి, వెనక్కి తిరగకుండా, చేతులు కనపడేలా పెట్టుకుని వచ్చానన్నాడు. పోలీసులకు ఫోన్ చేద్దామన్నాడు. నువ్వు వాళ్ళకు చెయ్, నేను ఆయనకు చేస్తాను అన్నాను. ఆయన ల్యాండ్‌లైన్‌కు కలిపాను. చాలాసేపు మోగింది. మా ఆయన హాల్లోకి వెళ్ళి వీధి పేరు అక్షరం అక్షరం చెబుతున్న గొంతు ఒక చెవిలో, మోగుతున్న ఫోన్ ఇంకో చెవిలో. అప్పుడు పెద్దాయన ఎత్తాడు. తన పేరు చెప్పాడు, ఎప్పటిలాగే. నేను నా పేరు చెబితే, ఏ పేరు అన్నాడు. పక్కింటిదాన్ని అంటే, పక్కింట్లో ఎవరూ లేరు, వాళ్ళు ఇప్పుడు తోటలో ఉన్నారు అన్నాడు.

నాకు ఇంకేం తోచలేదు. ఎన్నో శనివారాలు ఆయన నోట విన్న మాటలే, ఆయన గొంతు పెంచినంతే పెంచి, ఆయన జర్మన్‌లోనే అన్నాను: “కాల్పులు ఆపండి. ఖాళీ చెయ్యండి. సిలిండర్ తెరిచి బల్ల మీద పెట్టండి.”

ఫోన్‌ను చెవికి నొక్కిపట్టాను. తరవాత సిలిండర్ తెరుచుకున్న చిన్న టిక్కు. తరవాత బల్ల మీద తూటాలు ఒక్కొక్కటే నిలబెడుతున్న చప్పుడు. తొందరలేదు, ఆయనకు ఎప్పుడూ లేదు. ఐదు. ఆ తరవాత చప్పుడు లేదు. తలుపు దగ్గరికొచ్చి వింటున్న మా ఆయన ఆరు వేళ్ళు చూపించాడు, ఇంకొకటేది అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను, ఆయన ఎప్పుడూ నింపేది ఐదే. ఆ మనిషి పేర్లు మరిచిపోయాడు, మమ్మల్ని మరిచిపోయాడు. ఐదును కూడా మరిచిపోయి ఉంటే? “బల్ల ఖాళీ, ఆయుధం భద్రం” అన్నాడు పెద్దాయన అవతల్నుంచి, క్లబ్బులో అనేటట్టే. నేను చెప్పులేసుకున్నాను. మా ఆయన దారికి అడ్డం నిలబడి, పోలీసులొచ్చేదాకా ఆగమన్నాడు. అతను చెప్పిందే సరైన మాట. ఈ లోపల ఆయన మళ్ళీ నింపుకుంటాడు అన్నాను. అతను తలుపు తీసి నా ముందు నడిచాడు.

పెద్దాయన తలుపుకు తాళం వేసి లేదు. వంటింటి బల్ల మీద రివాల్వర్ సిలిండర్ తెరుచుకుని పడుంది. ఆరు గదులూ ఖాళీ. పక్కన ఐదు తూటాలు వరసగా నిలబడి ఉన్నాయి. పెద్దాయన చెవి డొప్పలు మెడలో వేసుకుని, నలిగిన పైజామాలో, కుర్చీ పక్కన నిటారుగా నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, ఆయన ముఖంలోకి ఎవరో తిరిగొచ్చినట్టు, కొద్దికొద్దిగా తెలివిలోకి వచ్చాడు. నా పేరు పిలిచాడు. మా ఆయన్ని చూసి, “ఇందాక తోటలో ఉన్నది నువ్వేనా” అని అడిగాడు. మా ఆయన అవునన్నాడు. పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. చాలాసేపటికి రివాల్వర్‌ను రెండు చేతులతో నావైపు జరిపాడు.

“తీసుకుపో. నేను ఒద్దన్నా తీసుకుపో.”

తీసుకుని తువ్వాల్లో చుట్టాను. కాసేపటికి గోడల మీద నీలిరంగు దీపాలు తిరిగాయి. పోలీసులు ఇద్దరూ కుర్రాళ్ళు, మర్యాదస్తులు. ఆయన వాళ్ళకు బిస్కెట్లు పెట్టాడు. బీరువాలో ఉన్న ఇంకో రివాల్వర్‌ను కూడా ఆయన చేతే తీయించి, రెండూ పట్టుకెళ్ళారు. కూతురు మర్నాడే వచ్చింది. ఆయుధాల లైసెన్సు ఆఫీసులో సంతకాలయ్యాయి. ఆ రివాల్వర్లను కరిగించేశారని తరవాత విన్నాను.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. వారం తిరక్కుండా పెద్దాయన మా తలుపు కొట్టి, నా రివాల్వర్ ఇచ్చెయ్యి అన్నాడు. మీరే ఇచ్చారని చెప్పాను. ఆయనకు పోలీసులు గుర్తులేరు, బిస్కెట్లు గుర్తులేవు, తన మాట గుర్తులేదు. తువ్వాల్లో చుడుతున్న నా చేతులు మాత్రం గుర్తున్నాయి. రెండు రోజులకోసారి వచ్చేవాడు. మొదట్లో జరిగిందంతా చెప్పేదాన్ని. విన్న ప్రతిసారీ ఆయన అప్పుడే వింటున్నట్టు కుంగిపోయేవాడు. రిపేరుకు ఇచ్చామని చెప్పు, ముసలాయన్ని రోజూ ఎందుకు ఏడిపిస్తావని మా ఆయన అన్నాడు. అలాగే చెప్పాను. రిపేరు అయిందా అని మర్నాడు వచ్చాడు. బేకరీలో, బస్‌స్టాపులో, పక్కింటి భారతీయురాలు నా ఆయుధం దొంగిలించిందని చెప్పేవాడు. విన్నవాళ్ళు నమ్మలేదు. కానీ నేను రొట్టె కొనడానికి వెళ్ళినప్పుడు ఒక క్షణం మాటలు ఆగేవి. వసంతంలో కూతురు ఆయన్ని తన ఊరికి దగ్గర్లో ఒక వృద్ధాశ్రమంలో చేర్చింది. వెళ్ళేరోజు కారెక్కుతూ మా ఇంటివైపు చూడలేదు.

రెండేళ్ళుగా వీలైనప్పుడల్లా డ్రెస్డెన్ వెళ్ళి చూసొస్తున్నాను. మొన్న వెళ్ళినప్పుడు నన్ను కొత్త నర్సు అనుకున్నాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టి, మునుపు తన పక్కింట్లో ఒకావిడ ఉండేదని, భారతదేశం నుంచి వచ్చిందని, క్లబ్బులో తన తరవాత అంత బాగా గురి చూసేది ఆవిడేనని, కానీ దొంగ అని చెప్పుకొచ్చాడు. ఎందుకు దొంగిలించిందని అడిగాను.

“అదే తెలీదు. మంచి మనుషులు. అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి.”

తిరుగు రైల్లో కిటికీ బయట పొలాలు చీకట్లో కలిసిపోతుంటే అదే తలుచుకుంటూ కూర్చున్నాను. కాలం ఆయన దగ్గర్నుంచి నా ముఖం తీసుకుంది, పేరు తీసుకుంది. నా నేరాన్ని మాత్రం ఇంకా ఆయన దగ్గరే ఉంచింది. ఆయనలో నేను మిగిలింది అందులోనే, దాన్నైనా వచ్చేసారి దాకా తీసుకోకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.