ఏదో నడుస్తాంది

మిరపకాయలు పట్టే గిర్నీ ఉన్న ఇంట్లో మధ్యాహ్నం ఎర్రగా ఉంటుంది. వరంగల్‌లో మా ఇంటి ముందు భాగం గిర్నీ, వెనక భాగం కాపురం. పైన రేకుల సందుల్లోంచి ఎండ పడితే అందులో కారం ధూళి మెల్లగా తేలుతూ ఉండేది. కాలేజీ నుంచి వచ్చి, గడప మీద కూర్చుని ఆ వెలుగునే చూస్తూ ఉండిపోయేదాన్ని. గిర్నీ చప్పుడు ఆగకుండా సాగుతుంటే అటు నిద్రా కాదు, ఇటు మెలకువా కాదు. ఎనభైల నాటి ఏ సంగతి తలచుకున్నా నాకు ఆ ఎర్రటి వెలుగులోనే కనబడుతుంది. బహుమతి సంగతి కూడా అంతే.

మా బాపుకు ఒక మాట ఉండేది. ఎవరు ఎప్పుడు "గిరాకీ ఎట్లుంది సేటూ?" అన్నా "ఏదో నడుస్తాంది" అనేవాడు. ఎనుమాముల మార్కెట్ యార్డు నుంచి బండ్ల మీద బస్తాలు దిగుతున్న రోజూ అదే మాట, ముసురు పట్టి గిర్నీ పడుకున్న రోజూ అదే మాట. ఆయన ఒక్కడే కాదు, మా బజారంతా అంతే. మాకు ఎదురుగా పప్పుల మిల్లు ఉన్నాయన కొత్త లారీకి కొబ్బరికాయ కొడుతూ కూడా "ఏదో నడుస్తాంది బావా" అనే అన్నాడు. పెరిగామని నోటితో అంటే దిష్టి తగులుతుంది. నరుడి కంటికి నల్లరాయి పగులుతుందంటారు, మా రేకుల షెడ్డు ఒక లెక్కా! లోపల అంత మిర్చి పెట్టుకుని, శనివారం గుమ్మానికి కట్టే మిరపకాయలు మాత్రం బాపు బయట కొనేవాడు. సొంత సరుకు దిష్టికి పనికిరాదట. ఎవరు చెప్పారని అడిగితే కసురుకునేవాడు.

నిజానికి గిర్నీ పెరిగింది. పెంచింది అమ్మ. నా చిన్నప్పుడు, డెబ్బైలలో, ఎవరి కాయలు వాళ్ళు తెచ్చుకుంటే పట్టి ఇవ్వడమే మా పని. "ఊరోళ్ల కాయలు పట్టుడేనా? మన పొడి మనం అమ్ముకోవద్దా?" అని అమ్మే మొదలుపెట్టింది. రంగుకు చపాట కాయ, కారానికి సన్నకాయ, ఏది ఎంత కలపాలో వంటింట్లో రోజుల తరబడి దంచి, అన్నంలో కలిపి, మా కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా తినిపించి తేల్చింది. ఆ పొడి ప్యాకెట్లు కేసముద్రం, మరిపెడ దుకాణాల దాకా పోయాయి. తర్వాత మా ఆడిటర్, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేద్దామని, అందుకు ఇద్దరు డైరెక్టర్లు కావాలని చెప్పి రెండో పేరు అమ్మది రాయించాడు. సంతకం ఉంది గానీ గిర్నీలో అమ్మకు కుర్చీ లేదు. గల్లా దగ్గర ఆడవాళ్ళు కూర్చునే ఆనవాయితీ మా బజారులో లేదు. ఆమె తలుపు వెనక నుంచి చెప్పేది, బాపు ముందు గదిలో చేయించేవాడు.

ఒక సాయంత్రం ఆ ఆడిటరే వచ్చి, ఎదుగుతున్న ప్రైవేటు కంపెనీలకు హైదరాబాద్‌లో బహుమతి ఇస్తున్నారు, దరఖాస్తు పెట్టండి అన్నాడు. బాపు నవ్వాడు. చాయ్ తెచ్చిన అమ్మ మాత్రం తలుపు దగ్గరే ఆగింది.

"స్టేజీ మీదికి ఎవరిని పిలుస్తరు?"

"డైరెక్టర్లను వదినా. ఇద్దరిని."

"పేరు పెట్టి పిలుస్తరా?"

"మైకుల పిలుస్తరు."

అంతే, అమ్మ ఆ మైకులోనే ఉండిపోయింది. చాటలో బియ్యం ఏరుతూ ఏరుతూ చెయ్యి ఆగిపోయేది. పెట్టె అడుగు నుంచి గద్వాల చీర తీసి ఎండకు వేసింది. "పేరు పిలిచినంగనే లేవాల్నా, మీ బాపు లేసినంక లేవాల్నా?" అని నన్ను అడిగేది. నేను బీకాం చదువుతున్నాను కాబట్టి అన్నీ తెలుసని ఆమె నమ్మకం. తెలిసినట్టే చెప్పేదాన్ని. ఆ ఎర్రటి మధ్యాహ్నాల్లో మేమిద్దరం ఎన్నిసార్లు ఆ స్టేజీ ఎక్కి దిగామో! అమ్మ పని అమ్మదేనని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. ఆ మాట ఒక్కసారి మైకులో వినాలని నాకూ పట్టుకుంది.

దరఖాస్తు నింపింది నేనే. కంపెనీ ఎట్లా ఎదిగిందో రాయమన్న చోట కలం ఆపి బాపును అడిగాను.

"ఏదో నడుస్తాంది అని రాయి బిడ్డా."

"గట్ల రాస్తే బహుమతి ఎవరిస్తరు బాపూ?"

"మరి పెరిగినమని రాస్తవా? టాక్సోళ్ల చేతుల పడితే?"

చాలాసేపు గింజుకుని, అమ్మ మొహం చూసి లొంగాడు. "రాసుకో. నాకు మాత్రం సదివి ఇనిపియ్యకు," అని, నేను రాయడం అయ్యేదాకా గల్లీలో నిలబడ్డాడు.

కవరు అంటించాక అమ్మ గల్లుప్పు, ఎండుమిరపకాయలు దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. పొడికి అలవాటు పడ్డవాళ్ళమే గానీ పొగకు ఎవరు తట్టుకుంటారు? అందరం దగ్గాం. అమ్మ మొహం చిన్నబోయింది. దిష్టి బాగా తగిలి ఉంటే కాల్చిన మిరపకాయకు ఘాటు రాదు, దగ్గు రాదు. దగ్గు వచ్చిందంటే దిష్టే లేనట్టు.

"మన మీద ఎవ్వరికి కన్నే లేదు," అంది.

"మంచిదే గదనే," అని బాపు దగ్గుతూనే సంబరపడ్డాడు.

కొన్నాళ్ళకు, గిర్నీ చూడడానికి అధికారులు వస్తున్నారని కబురొచ్చింది. గోడలకు సున్నం వేయించాం. బస్తాలు కనబడేటట్టు పేర్పించాం. అమ్మను పిలిచి "ఈమె మా డైరెక్టర్, ఈ పొడి ఈమెదే" అని వాళ్ళకు చెప్పాలి. ఆ ఒక్క మాట బాపు బావి దగ్గర స్నానం చేస్తూ కూడా వల్లె వేసుకున్నాడు. ఆ రోజు పొద్దున్నుంచే అమ్మ గద్వాల చీర కట్టుకుని తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది.

జీపు వచ్చి ఆగింది. ఫైళ్ళు పట్టుకుని అధికారులు దిగారు. మా బజారులో జీపు, ఫైళ్ళు అంటే ఒకటే అర్థం. వీళ్ళు టాక్సు వాళ్ళు కారని మాకందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? బాపు భుజాలు వాటంతట అవే వంగాయి, చేతులు దండం పెట్టాయి. ఆయన వాలకం చూసి మా ముసలి గుమాస్తా, ఎవరూ చెప్పకుండానే, మిషన్లు బందు చేసి బస్తాల మీద తాటిపత్రి పట్టా కప్పేశాడు.

"వ్యాపారం బాగా పెరిగిందని రాశారు?" అన్నాడు పెద్ద అధికారి.

"ఏం పెరుగుడు సార్. పిల్లలు రాసిన్రు. ఏదో నడుస్తాంది."

"నాలుగు మిషన్లని ఉంది?"

"రెండు ఖరాబైనయి సార్."

"రెండో డైరెక్టర్ ఎవరు?"

బాపు తలుపు వైపు చూశాడు. ఇప్పుడైనా చెబుతాడనుకున్నాను.

"పేరుకే సార్. ఇంట్ల ఆడమనిషి. ఆమెకేం తెలుస్తది?"

తలుపు వెనక కుర్చీ కిర్రుమంది. వాళ్ళు చాయ్ తాగి, ఏదో రాసుకుని వెళ్ళిపోయారు. జీపు మలుపు తిరిగాక బాపు నిద్రలోంచి లేచినట్టు నా వైపు చూశాడు. "నేనేమన్న బిడ్డా?" అన్నాడు. అలవాటులో పొరపాటు అంటారు, అది ఇంత పెద్దగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు ఒళ్ళు మండిపోయింది. "అవార్డు ఇయ్యనీకి వస్తే దొంగ సొమ్ము దాసినట్టు దాసినవ్ బాపూ," అన్నాను. ఆయన తాటిపత్రి మీద కూలబడ్డాడు.

బహుమతి ఇంకో ఊరి కంపెనీకి వచ్చింది. అమ్మ గద్వాల చీర మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. వంట చేసేది, వడ్డించేది, తలుపు దగ్గరికి మాత్రం వచ్చేది కాదు. కొత్త సరుకు దిగి, ఏది ఎంత కలపాలని గుమాస్తా అడిగితే "నాకేం తెలుస్తది? పేరుకే గద," అనేది. ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. గిర్నీ చప్పుడు కూడా నాకు దూరం నుంచి వస్తున్నట్టు ఉండేది.

అట్లా ఉండగా ఒక శనివారం పొద్దున బాపు గుమ్మానికి నిమ్మకాయ కడుతున్నాడు. ఎదురుగా పప్పుల మిల్లాయన తలుపులు తీస్తూ రోజూ అడిగినట్టే అడిగాడు.

"గిరాకీ ఎట్లుంది బావా?"

గల్లీ నిండా హమాలీలు, తోపుడు బండ్ల వాళ్ళు. బాపు దారం ముడి బిగించి అటు తిరిగాడు.

"మస్తుగుంది," అన్నాడు.

ఎదురుగా తలుపు తీస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"పెరిగింది బావా. నాలుగు మిషన్లు నడుస్తానయి. గా పొడి నాది గాదు, మా ఇంటామెది. ఏది ఎంత కలపాల్నో అంత ఆమెకే ఎరుక. నేను గల్లా కాడ ఒట్టిగ కూసుంట."

దొంగతనం చేస్తున్నవాడిలా అటూ ఇటూ చూస్తూ అన్నాడు. గుమాస్తా గాబరాగా దేవుడి పటానికి దండం పెట్టాడు. తలుపు వెనక ఏదో గిన్నె పడింది. అమ్మ వచ్చింది. గుప్పిట్లో గల్లుప్పు, ఎండుమిరపకాయలు. మొదటిసారి అందరి ముందూ గల్లీలోకి వచ్చి, బాపు చుట్టూ తిప్పి, గిర్నీ గుమ్మం చుట్టూ తిప్పి, చివరికి తన చుట్టూ తానే తిప్పుకుంది. మేమంతా ఆమె వెనకే వంటింట్లోకి నడిచాం.

పొయ్యిలో ఉప్పు చిటపటలాడింది. పొగ లేచింది. నా గొంతు మండిపోయింది. బాపు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి, పెదాలు మాత్రం గట్టిగా బిగించుకున్నాడు. అమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"సూసిన్రా! ఒక్క దగ్గు రాలే," అంది. ఆ మొహంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. "ఎంత దిష్టి తగిలిందో మన గిర్నీకి!"

బాపు తల ఊపాడు. నోరు తెరిస్తే దగ్గు వస్తుందని నేనూ తలే ఊపాను.