పారిస్ సంచిలో ఎర్రదారం

సోమవారం: లాడ్జీలో ఎవరో వదిలేసిన పాత పారిస్ హ్యాండ్‌బ్యాగును నాకోసం దాచిపెడతానని తిరుపతిలోని పాత సామాన్ల కొట్టాయన మాటిచ్చాడు. బుధవారం: కొట్టు తెరవలేదు. శుక్రవారం: అమ్మేశానన్నాడు.

నా 1981 డైరీలో ఇవన్నీ ఉన్నాయి. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. నా భార్య నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే.

ఆ శుక్రవారమే, కాళ్లు పీకుతుండగా చిత్తూరు బస్సెక్కితే, పక్క సీటులోని ఆమె ఒళ్లో అదే సంచి కనిపించింది.

"అమ్మా, అది కొట్టాయన నాకిస్తానన్న సంచి," అన్నాను.

"ఇది నాదే సామీ. పోయిన నెల లాడ్జీలో మరిచిపోయినా. పోయి అడిగితే ఆడ లేదన్నారు. ఇప్పుడు కొట్లో కనబడితే, నా సంచి నేనే కొనుక్కున్నా." ఆమె లోపలి గుడ్డను బయటికి తిప్పింది. చిరిగినచోట ఎర్రదారంతో వంకర కుట్లు. "పారిస్‌లో ఇట్లా కుడతారా, సూడు."

లాడ్జీ పేరడిగి రాసుకున్నాను. ఇల్లు చేరాక డైరీలో కొట్టాయన మీద రాసుకున్న ఆ మూడు ఫిర్యాదులూ కొట్టేశాను. జవాబు రానందున ఆ లాడ్జీ మేనేజరుకు ఏటా ఇదే ఉత్తరం పంపుతున్నాను:

"మరచిన వస్తువును, సొంతదారు వచ్చి అడిగినా లేదని చెప్పి, ఏ హక్కుతో అమ్మారో లిఖితపూర్వకంగా తెలియజేయవలెను."