వీలర్లెవరో తెలుసుకుందామని సాలిస్‌బరీకి

మా అమ్మాయి స్వాతి పెళ్లిమాట ఎత్తిన రోజునుంచీ నా బుర్రను ఒకటే పురుగు తొలిచేస్తోంది. తను చేసుకుంటానన్న ఈథన్ వీలర్ బుద్ధిమంతుడే. కానీ ఆ వీలర్లు ఎవరు, ఎక్కడివాళ్లు? ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా పిల్లనెలా ఇస్తాం? అది తెలిశాకే అవునో కాదో చెబుతానన్నాను.

"హిస్ గ్రాండ్‌మాని ఇంటర్వ్యూ చేస్తావా నాన్నా? సీరియస్లీ?" అని మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ వంశం సంగతి తెలిసింది ఆ నాయనమ్మ ఒక్కావిడకేనట. సాలిస్‌బరీలో ఉంటున్న ఆవిడకి ఫోన్ చేసి, వస్తున్నానన్నాను.

2012 జూన్, శనివారం. అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో రైలు ఆగదు. మా ఆవిడ సరళ పొద్దున్న ఆరున్నరకి పక్కనున్న కేరీ స్టేషన్లో దింపి, పులిహోర డబ్బా చేతిలో పెట్టి, "ఆ పెద్దావిడని కోర్టులో నిలబెట్టినట్టు అడక్కండి" అంది. ఏడింటికల్లా రైలొచ్చింది. టికెట్ ఇరవై డాలర్ల పైచిలుకు, సీట్లు విశాలం.

డర్హమ్‌లో ఎక్కిన వరంగల్ ఇంజనీరు ఒకాయన పులిహోర వాసన పట్టేశాడు. "తెలుగోళ్లా అంకుల్? ఇంటిపేరేంది?" చెప్పాను. "అరే, మా వదినె వాళ్లది గూడ గదే!" అని చుట్టరికం కలిపేసి సగం డబ్బా ఖాళీ చేశాడు. మనవాళ్లతో అంత తేలిక మరి.

తొమ్మిదింపావుకి సాలిస్‌బరీ. స్టేషన్నుంచి పది నిమిషాల నడక. ఈథన్ నాయనమ్మ, ఎనభై రెండేళ్ల డోరతీగారు ఇస్త్రీ గౌనుతో, చేతిలో ఫైలుతో వరండాలోనే నిలబడి ఉన్నారు. టీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను.

"వీలర్ అంటే ఇంగ్లండులో బండిచక్రాలు చేసేవాళ్లు. చేసే పనే ఇంటిపేరైంది."

వడ్రంగం చేసే మన వడ్లవాళ్లలాగే అని సంబరపడిపోయాను. "అయితే మీరు ఆ వంశమేనన్నమాట!"

ఆవిడ ఫైలు తీసి బల్లమీద పెట్టారు. "కాదు. మావారి తాతగారు ఈ ఊరి స్టేషన్లో దొరికిన పసివాడు. చక్రాలు చేసే వీలర్ ఒకాయన పెంచుకుని, పనీ నేర్పి, పేరూ ఇచ్చాడు. కన్నవాళ్లెవరో మాకు తెలియదు. మీరు వస్తున్నారన్నప్పటినుంచీ నాకు నిద్రలేదు. దీనికోసం పిల్లల పెళ్లి ఆపకండి."

ఛీ, ఎంత పని చేశాను! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "అమ్మా, నన్నూ ఏడో ఏట దత్తతిచ్చారు" అన్నాను. మాలో దత్తు వెళ్లిననాడే ఇంటిపేరు మారిపోతుంది, పాత పేరు ఎత్తకూడదు. యాభై ఎనిమిదేళ్లుగా సరళకు తప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరం కాసేపు ఏడ్చాం. తర్వాత మిగిలిన పులిహోర ఆవిడ, ఆవిడ పీచ్ పండ్లతో చేసిన 'పై' అనే తీపి వంటకం నేను తిన్నాం.

సాయంత్రం ఆరింటికి తిరుగు రైలు. కూర్చోగానే స్వాతికి ఫోన్ చేశాను.

"నాన్నా, ఎస్ ఆర్ నో?"

"ఎస్సేనమ్మా. బంగారంలాంటి ఇల్లు." వీలర్ల కథ చెప్పి, నా కథా చెప్పేశాను.

"మరి నిన్ను కన్నవాళ్ల ఇంటిపేరేంటి నాన్నా?"

"వేమవరపు."

"వే-మ-వ-ర-పు" అంది తన అమెరికా యాసలో. సరిగ్గా వచ్చేదాకా మళ్లీ మళ్లీ పలికింది.

ఎంత మంచి ప్రయాణమో! ఆ పేరు నా బిడ్డ నోట వింటానని ఏనాడూ అనుకోలేదు. కేరీ వచ్చేదాకా ఫోన్ పెట్టేయలేదు.