చావు కబురు చెప్పడం నేర్పిన సార్

"అంకుల్, నాన్నగారు చనిపోయారండి. పొద్దున గుండెపోటు వచ్చింది. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయింది."

మొన్న మంగళవారం మా సేఫ్టీ సార్ కొడుకు ఫోన్ చేసి చెప్పింది ఇంతే. డ్యూటీలో ఉన్నాను. స్టోర్ రూములో సామాను లెక్క చూస్తున్నాను. తండ్రి పోయినవాడు అంత సూటిగా ఎలా చెప్పాడా అని ఎవరైనా ఆశ్చర్యపోతారేమో. నాకు ఆశ్చర్యం లేదు. ఆ ఇంట్లో పద్ధతే అది.

సార్‌ది రాజమండ్రి వైపు. అక్కడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. ఆ ఉద్యోగం ఊడాక సేఫ్టీ కోర్సు చేసి ఖతార్ వచ్చి, కుటుంబంతో దోహాలోని ఐన్ ఖాలిద్‌లో ఉండేవారు. నాది జగిత్యాల దగ్గర పల్లె, లేబర్ క్యాంప్‌లో ఆరుగురి రూము. ఫుట్‌బాల్ వరల్డ్ కప్ స్టేడియం పని మమ్మల్ని కలిపింది. ఇంత దూరం వచ్చినా పాఠాల పిచ్చి ఆయన్ని వదల్లేదు. అందులోనూ ఒక్కడి గురించే పాఠం. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో విషాద నాటకాలు రాసినాయన. ఆ పేరు మాకు నోరు తిరగక 'ముసలాయన' అనేవాళ్ళం.

పొద్దున పనికి ఎక్కేముందు అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం సార్ డ్యూటీ. హెల్మెట్ తీసి తన బట్టతల చూపించేవారు. గద్ద ఒకటి ముసలాయన బట్టతలను చూసి బండరాయి అనుకుందట. కాళ్ళలో ఉన్న తాబేలును పగలగొట్టుకుందామని దానిమీద వదిలిందట. అంతటి కవి అలా పోయాడట. కట్టుకథేనని సారే ఒప్పుకునేవారు. హిందీలో చెబుతుంటే నేపాలీలూ బెంగాలీలూ పడి పడి నవ్వేవాళ్ళు. నవ్వుతూనే హెల్మెట్ బెల్టు బిగించుకునేవాళ్ళు.

ముసలాయన డెబ్బయ్యో తొంభయ్యో నాటకాలు రాస్తే దక్కినవి ఏడేనట. సమాధి మీద ఆ నాటకాల ఊసే లేదట, సిపాయిగా పోరాడిన సంగతి ఒక్కటే ఉందట. "నేను పోతే నన్నూ లెక్చరర్ అనకండయ్యా, సేఫ్టీవాడనండి చాలు" అనేవారు. అందుకే ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఒక శుక్రవారం దోహా సముద్రపు ఒడ్డున కార్నిష్‌లో కూర్చున్నాం. సార్ సముద్రం వైపు చెయ్యి చూపించి, ముసలాయన యుద్ధం చేసింది ఆ అవతలి ఒడ్డు పారసీకుల మీదేనన్నారు. గెలిచాక నాటకం రాస్తూ కథను ఓడినవాళ్ళ ఇంట్లో పెట్టాడట. అక్కడ కొడుకు కబురు కోసం ఎదురుచూసే రాణి. వార్త తెచ్చినవాడు రాగానే, సైన్యమంతా పోయిందని చెప్పేస్తాడు. ఎవరెవరు, ఎక్కడ, ఎలా అన్నది ఆ తర్వాత. "ముందు చావు చెప్పాలి. తర్వాత దగ్గరుండి అంతా చెప్పాలి. మనం తిరగేసి చేస్తాం" అన్నారు. నాకేం పట్టింది? చాయ్ చల్లారిపోతోందని చూసుకుంటున్నాను.

ఆ ఏడు ఎండాకాలంలోనే మా రూములో ఉండే, స్కఫోల్డింగ్ పరంజాలు కట్టే అతను, మా పక్క ఊరివాడే, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గుండె ఆగిందని కాగితం మీద రాశారు. గుండె ఆగకుండా ఎవరు పోతారు? ఊరికి ఫోన్ చేసే పని నా మీద పడింది. అతని భార్య ఎత్తింది. "సీరియస్‌గ ఉంది చెల్లె, దవాఖానల ఉన్నడు" అన్నాను. ఇక్కడ అందరం అలాగే అంటాం. శవపేటిక వచ్చే రోజు తేలాక చెప్పుకుందామని ఊరి పెద్దమనుషులూ అన్నారు. నాలుగు రోజులు ఊరంతటికీ తెలుసు, ఆమెకు తప్ప.

అతని ఫోన్ నా దగ్గరే ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం సార్ రూముకు వచ్చినప్పుడు అది నా దిండు కింద మోగింది. ఆమె పంపిన వాయిస్ మెసేజ్. సార్ వినిపించమన్నారు.

"లేశినవా? మొక్కుకున్న. అన్నం ముట్టలే. నువ్వు లేశి ఒక్క మాట మాట్లాడు, తింట."

సార్ ముఖం నల్లబడింది. తిట్టినా బాగుండేది. "పోయినవాడి కోసం నాలుగు రోజులు ఆమెను పస్తుంచావయ్యా" అని నంబర్ తీసుకుని ఆయనే చేశారు. "అమ్మా, మీ ఆయన చనిపోయారు." మొదటి మాటే అది. ఆ తర్వాత గంటసేపు ఫోన్ పెట్టలేదు. ముందురోజు అతను ఎంతసేపు ఎండలో ఉన్నాడో, ఏం తిన్నాడో, పడుకునేముందు ఏమన్నాడో అన్నీ నన్నడుగుతూ చెప్పారు. కాగితంలో లేనివీ చెప్పారు.

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఏదున్నా సార్‌కే ఫోన్ చేసేది. సెలవుకు ఊరెళ్ళి ఆమె గుమ్మం దాకా పోతే, నన్ను చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నాకు సొంత చెల్లెలు దూరమైనంత బాధ. సార్ దగ్గర చెప్పుకుని ఏడ్చాను. "క్షమించమని అడగకు. ఇంకోసారి అవసరం వస్తే సరిగ్గా చెప్పు" అన్నారు.

ఆ ఇంకోసారి ఆయనదే అయింది. కప్పుకి నెల కూడా లేదు, దోహా అంతా జెండాలు. మమ్మల్ని కాచుకుంటూ కట్టించిన స్టేడియంలో ఆయన ఒక్క ఆటా చూడకుండానే పోయారు.

మంగళవారం ఆ స్టోర్ రూములోంచే ఆ పక్క ఊరి చెల్లెకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది. అబద్ధమెందుకు, 'సీరియస్' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"చెల్లె, సేఫ్టీ సార్ చనిపోయిండ్రు."

ఎప్పుడని అడిగింది. పొద్దుగాల ఆరింటికని చెప్పాను.

"ఇప్పుడు మీ దుబాయ్‌ల ఎంతయింది?" ఖతారైనా ఊళ్ళో అందరికీ దుబాయే.

"తొమ్మిది."

"మూడు గంటలకే చెప్పినవా అన్నా" అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఫోన్ పెట్టకుండా వింటూ కూర్చున్నాను.