బోర్లా వేసిన బండ

ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో చీటీలు పట్టినదాన్ని. రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. కూరగాయలమ్మి త్రాసు మీద అనుమానం, పాలవాడి క్యాను మీద అనుమానం. ఆఖరికి మా నాయన మీద కూడా.

కురిచేడు అవతల గుండ్లకమ్మ ఒడ్డున, కొండ మీద పాత బౌద్ధ స్తూపం ఉంది. మా సొంతూరు ఆ కొండ కిందే. నా చిన్నప్పుడే మార్కాపురం వచ్చేశాం. ఆ కొండ పేరెత్తితే చాలు, నాయన మాట మార్చేస్తాడు. ఇప్పుడక్కడ తోట కూడా వేశారట, చూసొద్దాం పదమంటే, "నాకు ఆడ పనేంది? నువ్వు పోయి రా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎనభై దాటిన మనిషికి అంత మొండితనమా! చిర్రెత్తుకొచ్చి ఒక్కదాన్నే కురిచేడు దాకా రైలెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాను.

తోట బాగానే ఉంది. గన్నేర్లు, కాగితప్పూలు, మధ్యలో గుండ్రటి ఇటుకల స్తూపం. చుట్టూ పువ్వులు చెక్కిన రాతిపలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకచోట మాత్రం ఖాళీ. చెట్లకు నీళ్లు పెడుతున్న కాపలా మనిషి నేను ఎటు పోతే అటు పైపు లాక్కుంటూ వస్తున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, ఇక్కడి రాయేది?"

"నేను డ్యూటీలో చేరకముందు నుంచీ లేదక్కా" అని తల దించుకున్నాడు.

తల దించుకున్నవాడి దగ్గరే చీటీ ఉంటుందని నా అనుభవం. నేరుగా గేటు దగ్గరికి పోయి, అక్కడున్న సందర్శకుల పుస్తకంలో రాసేశాను: 'ఒక శిల్పం కనబడటం లేదు. కాపలా మనిషి మీద అనుమానంగా ఉంది. విచారించగలరు.' కింద సంతకం, దాని కింద 'రిటైర్డ్ టీచర్' అని కూడా.

వెనకే వచ్చి చదువుకున్నాడు.

"అక్కా, నాది కాంట్రాక్టు ఉద్యోగం. సోమవారం సార్లొచ్చి పుస్తకం చూస్తారు. ఒక్క మాట అడగరు, తీసి పారేస్తారు."

"తప్పు చేయకపోతే భయమెందుకు?"

"నమ్మకపోతే ఈ ఊర్లల్లోకి పోయి చూడు. అప్పట్లో ఇండ్లు కట్టుకునేటోళ్లు బండ్లు కట్టుకోని వచ్చి ఈ రాళ్లే మోసకపోయినారు. బొమ్మను తొక్కితే పాపమని, బొమ్మపక్క కిందికేసి పైన బట్టలుతుక్కుంటున్నారు."

ఏం కథలు చెబుతున్నాడురా అనుకుంటూ రైలెక్కాను. దొనకొండ దాటాక ఠక్కున తట్టింది. బట్టలుతికే బండ మాకూ ఉంది. ఊరు వదిలిన రోజు నాయన మంచాలు కూడా ఎవరికో ఇచ్చేశాడు గానీ ఆ బండను మాత్రం లారీ ఎక్కించాడు. చెప్పులతో ఎవరినీ దాని మీద ఎక్కనివ్వడు. పోయినేడు పెరట్లో టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ దాన్ని పక్కకు జరపబోతే చేతికర్ర ఎత్తాడు.

ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా పెరట్లోకి పోయాను. బండ నాలుగు ఇటుకల మీద ఉంటుంది. నేల మీద కూర్చొని కిందికి చేయి పెట్టాను. ముందు నాచు తగిలింది. తర్వాత ఒక పూరేకు. దాని పక్కన ఇంకో రేకు.

"నాయనా!" అని అరిచాను.

పెరటి గుమ్మంలోకొచ్చి, బండ కిందున్న నా చేతిని చూశాడు.

"మీయమ్మ నున్నటి బండ కావాలనింది. అప్పుడాడ కాపలా ఏడిది, ఉత్త దిబ్బే గదా. బోర్లా పడుండింది, తెచ్చినా. ఇంటికొచ్చినాక తిప్పి చూస్తే పువ్వు. తిరిగి ఇద్దామంటే దొంగంటారని భయమేసె. అట్లనే బోర్లేసినా తల్లీ."

నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఊరందరి పిల్లల జేబులు తడిమాను గానీ, మా ఇంటి బండ కింద ఏనాడూ చేయి పెట్టి చూడలేదు. పుస్తకంలో రాసిన సంగతీ, ఆ మనిషి ఉద్యోగం సంగతీ చెప్పాను. నాయన చేతికర్ర అందుకున్నాడు.

"సోమారం లోపలే పోదాం. ఆయన నోటికాడి కూడు నా మూలాన పోగూడదు" అన్నాడు.

ఆదివారం ట్రాలీ ఆటోలో బండను వేసుకొని పోయాం. కాపలా మనిషి పైపు తెచ్చి నాచంతా కడిగాడు. పువ్వు తేలింది. అటు చూడలేక పుస్తకం తెరిచాను. పేజీలకు నంబర్లున్నాయి, చింపడానికి లేదు. నేను రాసినదాని కిందే మళ్లీ రాశాను: 'ఆ శిల్పం ఇన్నాళ్లూ మా ఇంట్లోనే ఉంది. ఈ రోజు తెచ్చి ఇచ్చాం. కాపలా మనిషి తప్పేమీ లేదు. తీసుకెళ్లినవారు'. అక్కడ పెన్ను ఆగిపోయింది.

"నిలిచిపోయినావేంది? నా పేరు పెట్టు" అన్నాడు నాయన.

పెట్టాను. నాయనకు సంతకం రాదు, అక్కడ వేలిముద్రకు సిరా లేదు. కాపలా మనిషే నా చేతిలోంచి పెన్ను తీసుకొని, నాయన బొటనవేలంతా గీసి గీసి నల్లగా చేశాడు. ఆ చేతిని పట్టుకొని కాగితం మీద పెట్టాడు.

"కొంచెం గట్టిగా ఒత్తు తాతా" అన్నాడు.