నేల కుంగే పాఠం

అధ్యాపకురాలు వురియాని భూగర్భజలాల పాఠం చెబుతూ, ఇండోనేషియాలో జావా దీవిలోని సెమరాంగ్‌లో ఎన్నో తరగతులు దాటించింది. పిల్లల ముందు ఏనాడూ తడబడలేదు. ఇవాళ మాత్రం రాసుకొచ్చిన కాగితం పదేపదే చూసుకుంటోంది. ఇవాళ వినేది తోటి అధ్యాపకులు. ఎవరి పాత పాఠాన్ని వాళ్లు, రేపటి మనుషులకు నేలా నీరూ మిగలాలన్న ధ్యాసతో మళ్లీ చెప్పి చూపాలి. ఇవాళ్టి శిక్షణ అదే. ముందు వరసలో ఆమె గురువు పాక్ సుమిత్రో కూర్చున్నారు. పెద్దాయన్ను గౌరవంగా పాక్ అంటారు అక్కడ.

ఊళ్లో లోతు బోర్లు ఆయన లెక్క ప్రకారం పడ్డవే. ఆమెకు ఆ లెక్క నేర్పిందీ, ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఆ బోర్లు నీళ్లు తోడేసిన కొద్దీ ఊరు కుంగుతోందని ఇప్పుడు ఆయన ఎదుటే చెప్పాలి. సముద్రపు ఒడ్డున తన అక్క ఇంట్లోకి పోటు నీరు వచ్చినప్పుడల్లా మట్టి పోసి గచ్చు ఎత్తు పెంచుకుంటూ వచ్చారు. ఇప్పుడా ఇంటి పైకప్పు తలకు తగులుతుంది, నడుం వంచకుండా లోపల అడుగుపెట్టలేరు.

"ఏమిటే, పచ్చి సోయాగింజల 'తెంపే' ముక్కలా పాలిపోయావు? ఆయన నిన్ను నమిలేస్తాడా?" అంది స్నేహితురాలు తితిక్.

"నమిలినా బాగుండు. ఏమీ అనకుండా నవ్వుతారు చూడు, దానికే నా భయం."

పాఠం మొదలైంది. పెద్దల ఎదుట తప్పు మాట సూటిగా అనకూడదన్న జావా మర్యాద ఆమెకు ఉగ్గుపాలతో వచ్చింది. మొదట ఆయనకు దణ్ణం పెట్టింది, తర్వాత ఆ లెక్క గొప్పతనం చెప్పింది, ఆ తర్వాత నీటి అవసరం గురించి చెప్పింది. కుంగడం మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "కొన్ని చోట్ల కొంచెం ఇబ్బంది కూడా ఉండొచ్చునేమో" అని ఆపేసింది.

విద్యార్థి పాత్రలో కూర్చున్న తితిక్, పిల్లలు టీచరమ్మను పిలిచినట్టే 'బూ' అని పిలుస్తూ చెయ్యెత్తింది. "నాకు అర్థమైంది చెబుతాను బూ. బోరు ఎంత లోతు వేస్తే ఊరికి అంత మేలు. అంతే కదా?"

గదంతా నవ్వింది. వురియానికి నవ్వు రాలేదు. తను అన్ని రోజులు కూర్చి తెచ్చిన పాఠం సరిగ్గా తలకిందులుగా చేరింది. రేపు పిల్లలూ ఇదే పట్టుకెళ్తారు. వాళ్లే కదా తర్వాత బోర్లు వేసేది!

గబగబా బోర్డు తుడిచేసింది.

"కాదు. నీరు తోడితే కింద బంకమన్ను పిండేసినట్టు అణిగిపోతుంది. తర్వాత వాన పడ్డా మళ్లీ లేవదు. మా అక్క ఇల్లు అలాగే దిగిపోయింది. పాక్, మీరు నేర్పిన లెక్కలో నీళ్లెన్ని వస్తాయో ఉంది. నేల ఎంత దిగుతుందో లేదు. నేనూ ఇన్నేళ్లూ అలాగే నేర్పాను."

పాక్ సుమిత్రో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే నా లెక్క తీసేస్తావా, అమ్మాయ్?"

"తీయను పాక్. దాని కిందే నేల ఎంత దిగుతుందో కూడా పిల్లల చేత లెక్క కట్టిస్తాను. అది కట్టందే మార్కులివ్వను."

ఆయన నవ్వారు. "మంచిది" అన్నారు. ఆ 'మంచిది' మెప్పో కోపమో జావాలో పుట్టిన ఆమెకు కూడా అంతుపట్టలేదు. భోజనాలకు ఆయన ఆగలేదు.

"కోపమొచ్చిందంటావా?" అని తితిక్ చెయ్యి పట్టుకుంది వురియాని.

"నాకేం తెలుసు? ముందు అన్నం తిను."

సోమవారం తరగతి గది తలుపు దగ్గర మళ్లీ అదే భయం. లోపలికి వెళ్లి, దణ్ణాలూ పొగడ్తలూ లేకుండా, మొదటి వాక్యంగానే నేల కుంగుతోందని చెప్పింది.